డిక్రీ వచ్చేదాకా డబ్బు ఖాతాలో ఉంటుందా?

నూజివీడు, ఆగిరిపల్లి, ముసునూరు, చాట్రాయి మండలాల్లో మామిడి తోట చాలాసార్లు పూత మీదే బేరమైపోతుంది. సంక్రాంతి దాటాక వ్యాపారి వచ్చి తోటంతా తిరిగి చూస్తాడు. ఈ ఏడు కాపు ఎంత దిగుతుందో అంచనా కట్టి, గుత్త ఇంతని మాట్లాడుకుని, కొంత అడ్వాన్సు చేతిలో పెడతాడు. మిగతాది కోతలప్పుడు వాయిదాల్లో ఇస్తానంటాడు. మందుల పిచికారీ, కాపలా, కోతకూలి ఎవరు పెట్టుకోవాలో కూడా ఆ మాటల్లోనే తేలిపోతుంది. వ్యాపారి పెట్టుబడి చాలామటుకు విజయవాడ పక్కన నున్న మార్కెట్లోని కమీషన్ దుకాణం నుంచి తెచ్చుకున్నదే. ఆ దుకాణానికి డబ్బు ఉత్తరాది కొనుగోలుదారుల నుంచి రావాలి. కలెక్టరు కాయ, అంటే తోతాపురి అయితే గుజ్జు ఫ్యాక్టరీ నుంచి రావాలి. రైతు దగ్గరికి వచ్చే రూపాయి ఇన్ని చేతులు మారి రావాలి. ధర పడిపోయిన ఏడాది, గాలివానకు కాయ రాలిన ఏడాది ఆ చేతుల్లో ఏదో ఒకటి ముడుచుకుంటుంది.

అప్పుడు రైతు వకీలు దగ్గరికి వెళ్లి అడిగేది ఒకటే. “వాడి ఖాతాలో డబ్బుందండీ. దావా తేలేలోపు అది తీసుకోకుండా ఆపించగలమా?” దావాకు ఏళ్లు పడుతుందని ఇద్దరికీ తెలుసు. డిక్రీ చేతికొచ్చాక దాని అమలుకు ఈపీ వేస్తే ఖాతాలో కనీస నిల్వ తప్ప ఏమీ ఉండదనీ తెలుసు. ఈ ప్రశ్నకు మన చట్టం ఏం చెబుతోంది, బయటి దేశాలు ఏం చెప్పాయి, ఆ జవాబు మామిడి తోటల దాకా వచ్చేసరికి ఎంత మిగులుతోంది అన్నది ఇక్కడ చూద్దాం. నా అభిప్రాయం ముందే చెబుతాను. ఖాతా ఆపే విషయంలో కోర్టులు చూపే జాగ్రత్త న్యాయమైనదే. కానీ ఆ జాగ్రత్త ఖరీదు ఎక్కువగా చిన్న రైతే చెల్లిస్తున్నాడు. దాన్ని మార్చడం సాధ్యమే.

మన కోర్టు వరండాల్లో దీన్ని ‘ఏబీజే’ అంటారు. తీర్పుకు ముందు జప్తు అని దాని అర్థం. 1908 నాటి సివిల్ ప్రొసీజర్ కోడ్ (సీపీసీ)లో 38వ ఆర్డరు 5వ రూలు దీనికి మూలం. ప్రతివాది తనపై రాబోయే డిక్రీ అమలుకు అడ్డం పడాలనో, ఆలస్యం చేయాలనో ఉద్దేశపడి ఆస్తిని అమ్మేయబోతున్నాడనీ, లేదా కోర్టు పరిధి దాటించబోతున్నాడనీ న్యాయమూర్తికి నమ్మకం కలగాలి. కలిగితే మొదట పూచీకత్తు ఇవ్వమంటారు, లేదా ఎందుకివ్వవో వచ్చి చెప్పుకోమంటారు. ఈలోగా సొమ్ము జారిపోకుండా షరతులతో జప్తు చేసే అధికారం కూడా అదే రూలులో ఉంది. 1976 సవరణ ఇక్కడ ఒక గట్టి మేకు కొట్టింది. ఆ మొదటి నిబంధన పాటించకుండా చేసిన జప్తు చెల్లదు.

బ్యాంకు ఖాతా దీని కిందికి ఎలా వస్తుందంటే, ఖాతాలోని సొమ్ము చట్టం దృష్టిలో బ్యాంకు ఖాతాదారుకు పడిన బాకీ. 21వ ఆర్డరు 46వ రూలు ప్రకారం కోర్టు ఇద్దరికీ నిషేధం రాస్తుంది. ఖాతాదారు ఆ బాకీ వసూలు చేసుకోకూడదు, బ్యాంకు చెల్లించకూడదు. ఇలా మధ్యలో నిలబడ్డ బ్యాంకును గార్నిషీ అంటారు. కోర్టు ఆ డబ్బును వాదికి ఇచ్చేయదు. ఎక్కడున్నది అక్కడే ఉంచుతుంది, అంతే. దీన్ని గెలుపు అనుకుని ఇంటికెళ్లినవాళ్లు తర్వాత నిరాశపడతారు.

ఉద్దేశం అన్న మాట దగ్గరే చాలా పిటిషన్లు పడిపోతాయి. 2007 నవంబరులో సుప్రీంకోర్టు రామన్ టెక్ వర్సెస్ సోలంకి ట్రేడర్స్ కేసులో దీన్ని సూటిగా తేల్చింది. అది సరుకు అమ్మిన బాకీ కోసం వేసిన దావా. పూచీ లేని బాకీని పూచీ ఉన్న బాకీగా మార్చడం కోసం ఈ రూలు లేదని కోర్టు చెప్పింది. బాకీ న్యాయమైనదిలా కనబడితే సరిపోదు, ప్రతివాది ఆస్తిని దాటించే ప్రయత్నంలో ఉన్నాడని కూడా చూపాలి. వ్యాపారాన్ని ఒకచోటి నుంచి మరో చోటికి మార్చడం, యంత్రాలు తరలించడం వాటంతట అవే కారణం కావు. ఖాతా ఆపించి, ఆ ఒత్తిడితో రాజీకి లాగడానికి ఈ రూలును వాడుకునే అలవాటును ప్రోత్సహించకూడదన్నది ఆ తీర్పు సారం.

ఈ మాటలను మామిడి వ్యాపారానికి అన్వయించి చూడండి. ఉత్తరాది నుంచి వచ్చిన కొనుగోలుదారు సీజను అయ్యాక దుకాణం కట్టేసి వెళ్లిపోతాడు. ఏటా వెళ్తాడు. బాకీ ఉన్నా వెళ్తాడు, లేకపోయినా వెళ్తాడు. ఆయన వెళ్లిపోవడం ఎగవేత ఉద్దేశానికి రుజువా? రామన్ టెక్ తర్వాత ఆ ఒక్క మాటతో ఏ న్యాయమూర్తీ ఖాతా ఆపడు. ఇచ్చిన చెక్కు తిరిగొచ్చిందనో, పాత ఫోన్ నంబరు తీసేశాడనో, ఇంకో నలుగురు రైతులకూ ఎగ్గొట్టాడనో, ఆస్తి బంధువుల పేరిట రాస్తున్నాడనో ఇంకా ఏదైనా చూపాలి. నలుగురు రైతులు కలిసి అఫిడవిట్లు వేస్తే పిటిషనుకు బరువు వస్తుంది. కానీ వచ్చే ఏడాది కూడా ఆ మార్కెట్లోనే కాయ అమ్ముకోవాల్సిన రైతు మరో రైతు కోసం సంతకం పెట్టడానికి వెనకాడతాడు. పెట్టనంటే నేను ఆయన్ని తప్పు పట్టలేను.

ఉద్దేశం కంటే ముందు అసలు బాకీ ఉందని చూపాలి. పూత మీద జరిగిన గుత్తకు చాలాచోట్ల ఉండే రాత తెల్లకాగితం మీద నాలుగు పంక్తులే. కొందరు స్టాంపు పేపరు మీద రాసుకుంటారు, రిజిస్ట్రేషన్ మాత్రం ఉండదు. ఒక్క కాపు కాయ అమ్మకమైతే చిక్కు తక్కువే. చెట్టు మీది కాయను రిజిస్ట్రేషన్ చట్టం చరాస్తిగానే చూస్తుంది. కానీ తోటను రెండు మూడేళ్లకు వ్యాపారికి అప్పగించి, దుక్కులూ ఎరువులూ అతనే చూసుకునేలా రాసుకుంటే అది కౌలు అనే వాదన వస్తుంది. ఏడాదికి మించిన కౌలు రిజిస్టరు కాకపోతే ఆ కాగితంలోని షరతులను కోర్టులో రుజువుగా నిలబెట్టడం కష్టం. స్టాంపు తక్కువైతే దానికి జరిమానా కట్టేదాకా కాగితాన్ని చూడరు. ఈ తగాదా ఏబీజే విచారణలోనే మొదలవుతుంది. మధ్యలో వారాలు పోతాయి.

మూడో మెట్టు మరీ కటువైనది. ఏ ఆస్తిని జప్తు చేయాలో, దాని విలువ ఎంతో వాదే పిటిషనులో చెప్పాలి. ఖాతా ఏ బ్యాంకులో, ఏ శాఖలో, ఎవరి పేరుతో ఉందో రైతుకు ఎలా తెలుస్తుంది? దుకాణం బోర్డు మీద ఒక పేరుంటుంది, జీఎస్‌టీ మరో పేరుతో ఉంటుంది, డబ్బు వ్యాపారి భార్య ఖాతాలో ఉండొచ్చు. ఇక్కడ పనికొచ్చేది రైతు పాస్‌బుక్కు. అడ్వాన్సు బ్యాంకు ద్వారా వచ్చి ఉంటే ఆ పంక్తిలో పంపినవారి పేరు, ఆర్‌టీజీఎస్ లేదా యూపీఐ నంబరు ఉంటాయి. దాన్ని పట్టుకుని వకీలు బ్యాంకును గుర్తించగలడు. నగదు తీసుకున్న రైతుకు ఆ ఆధారం కూడా ఉండదు. డిక్రీ వచ్చాకైతే నీ ఆస్తులేమిటో చెప్పమని బాకీదారును కోర్టే అడగగలదు. 21వ ఆర్డరు 41వ రూలు అందుకే ఉంది. అది తీర్పు తర్వాతి మాట. తీర్పుకు ముందు దశలో ఆ ప్రశ్న అడిగే దారి సీపీసీలో స్పష్టంగా లేదు. నా దృష్టిలో ఇది చట్టంలోని పెద్ద లోటు.

ఇక కాలం సంగతి. మామిడి కోతలు ఏప్రిల్ నుంచి జూన్ దాకా జోరుగా సాగుతాయి. డబ్బు వ్యాపారుల ఖాతాల్లోకి వచ్చి పోయేది కూడా ఆ నెలల్లోనే. సివిల్ కోర్టుల వేసవి సెలవులూ అప్పుడే. సెలవుల్లో అత్యవసర పిటిషన్లు వినడానికి వెకేషన్ కోర్టు ఉంటుంది, కానీ రోజూ కూర్చోదు, నూజివీడులోనే ఉంటుందనీ కాదు. 2020 డిసెంబరు 14 నుంచి ఆర్‌టీజీఎస్ రోజంతా, వారమంతా నడుస్తోంది. అర్ధరాత్రి లక్షలు ఢిల్లీ ఖాతాకు క్షణాల్లో వెళ్లిపోతాయి. కోర్టు ఉత్తర్వు మాత్రం సర్టిఫైడ్ కాపీ తయారై, ప్రాసెస్ ఫీజు కట్టి, అమీనా చేతికి అంది, బ్యాంకు శాఖ పనివేళల్లో చేరాలి. ఖాతా వేరే జిల్లాలోనో వేరే రాష్ట్రంలోనో ఉంటే 136వ సెక్షన్ ప్రకారం అక్కడి జిల్లా కోర్టుకు పంపించి, వాళ్ల ద్వారా అమలు చేయించుకోవాలి. నూజివీడు ఉత్తర్వు ఢిల్లీలోని శాఖకు చేరేలోపు సీజను ముగిసి, తోటలో తొలకరి దుక్కులు కూడా అయిపోతాయి.

ఉత్తర్వు శాఖకు చేరిందనుకుందాం. మేనేజరు దాన్ని లీగల్ విభాగానికి పంపి, పేరూ ఖాతా నంబరూ సరిచూసి, ఉత్తర్వులో రాసిన మొత్తం మేరకు కంప్యూటర్లో హోల్డ్ పెట్టాలి. నాలుగు లక్షలకు ఉత్తర్వు ఉంటే నాలుగు లక్షలకే. భయం కొద్దీ మొత్తం ఖాతానే స్తంభింపజేస్తే ఉత్తర్వును దాటినట్టే. ఆపైన అసలు చూడాల్సింది ఖాతా స్వభావం. కమీషన్ వ్యాపారి ఖాతా చాలాసార్లు సీసీ (క్యాష్ క్రెడిట్) లేదా ఓవర్‌డ్రాఫ్టు ఖాతా అయి ఉంటుంది. పది లక్షల పరిమితిలో ఆరు లక్షలు వాడుకున్నాడంటే మిగతా నాలుగు లక్షలు అతని సొమ్ము కాదు. బ్యాంకు ఇవ్వడానికి ఒప్పుకున్న అప్పు మాత్రమే. మద్రాసు హైకోర్టు 1958లోనే కె.ఎం. ఆడమ్ కేసులో వాడని ఓవర్‌డ్రాఫ్టును బాకీగా చూపి జప్తు చేయలేరని చెప్పింది. తాకట్టు ఉన్న ఖాతాలో బ్యాంకు తన బాకీ ముందు తీసుకుంటుంది. రైతు జప్తు దానికి వెనకే. జప్తుకు ముందే ఇతరులకు ఉన్న హక్కులను ఈ జప్తు తాకదని 38వ ఆర్డరు 10వ రూలు చెబుతుంది.

ఇంకో సంగతి గురించి బాధితుల పక్షాన మాట్లాడేవాళ్లు సాధారణంగా నోరు విప్పరు. కమీషన్ దుకాణం ఖాతాలో మే నెలలో ఉన్న డబ్బు చాలావరకు వేరే రైతులకు వెళ్లాల్సింది. కొనుగోలుదారు పంపిన సొమ్ములో కమీషన్, హమాలీ పోను మిగతాది కాయ తెచ్చినవాళ్లదే. ఒక రైతు తన పాత బాకీకి ఆ ఖాతా ఆపిస్తే, మిగిలిన రైతులకు ఆ వారం డబ్బు రాదు. వాళ్లు అదే ఆర్డరు 8వ రూలు కింద తమ వాటా ఉందని కోర్టుకు వచ్చి చెప్పుకోవచ్చు. చేతిలో తూకం చీటీ తప్ప ఏమీ లేనివాళ్లకు అది పేరుకే హక్కు. ఖాతా ఆపించే ఉత్తర్వు ఇద్దరి మధ్య తగాదాలాగే కనిపిస్తుంది కానీ, మామిడి సీజనులో దాని దెబ్బ చాలా ఇళ్లకు తగులుతుంది. కోర్టుల జాగ్రత్త న్యాయమైనదని ముందే అనడానికి నాకున్న పెద్ద కారణం ఇదే.

తప్పుగా ఆపించినవాడికి శిక్ష ఏమిటి? సీపీసీ 95వ సెక్షన్ కింద పరిహారం అడగొచ్చు. దాని గరిష్ఠం 50,000 రూపాయలు. అంతకు మించి నష్టపోయినవాడు వేరే దావా వేసి దురుద్దేశాన్ని రుజువు చేసుకోవాలి. సీజను నడుమ ఒక దుకాణం ఖాతా ఇరవై రోజులు ఆగితే పోయే వ్యాపారం ముందు ఆ యాభై వేలు ఏ మూలకు?

ఇంగ్లండు ఇక్కడ వేరే దారి తొక్కింది. ఆ దారికి మనతో సంబంధం ఉంది. 1975 మేలో మరేవా అనే ఓడను దాని యజమానులు ఇంటర్నేషనల్ బల్క్‌క్యారియర్స్ అనే సంస్థకు అద్దెకిచ్చారు. ఆ సంస్థ అదే ఓడను భారత రాష్ట్రపతి పేరిట మన ప్రభుత్వానికి తిరిగి అద్దెకిచ్చింది. అందులో ఎరువు భారతదేశానికి రావాలి. లండన్‌లోని మన హైకమిషన్ అద్దెలో 90 శాతం, సుమారు 1,74,000 పౌండ్లు అక్కడి బ్యాంకులో ఆ సంస్థ ఖాతాకు కట్టేసింది. సంస్థ ఓడ యజమానులకు రెండు వాయిదాలు ఇచ్చి, జూన్ 12న ఇవ్వాల్సిన మూడోది ఎగ్గొట్టింది. మన ప్రభుత్వం కట్టిన ఆ డబ్బు ఖాతాలోంచి విదేశాలకు జారిపోకుండా ఆపమని యజమానులు కోర్టుకెక్కారు. 1890 నాటి లిస్టర్ వర్సెస్ స్టబ్స్ తీర్పు అడ్డంగా ఉన్నా, లార్డ్ డెనింగ్ ధర్మాసనం ఖాతా ఆపింది. ఆ ఓడ పేరుతోనే అలాంటి ఉత్తర్వులను మరేవా ఇంజంక్షన్లు అనడం మొదలైంది. 1981 చట్టంతో దానికి చట్టబద్ధత వచ్చింది. ఇండియాలోనైతే తీర్పుకు ముందు జప్తు 1859 నాటి మొదటి సివిల్ ప్రొసీజర్ కోడ్ నుంచే ఉంది. ఇంగ్లండులో తమ కోర్టులు ఒప్పుకోని దాన్ని ఇంగ్లిషువాళ్లు వలస దేశంలో ఎనభై ఏళ్లకు పైగా అమలు చేశారన్నమాట.

ఆలస్యంగా మొదలుపెట్టినా ఇంగ్లిషువాళ్లు రెండు పనులు బాగా చేశారు. ఖాతా ఆపమని అడిగేవాడు, తర్వాత తప్పని తేలితే అవతలివాడి నష్టం భరిస్తానని కోర్టుకు ముందే హామీ ఇవ్వాలి. దానికి పరిమితి అంకె ఉండదు. ఉత్తర్వుతో పాటే ప్రతివాది తన ఆస్తుల వివరాలు ప్రమాణం చేసి చెప్పాలి. మన 38వ ఆర్డరులో ఈ రెండూ లేవు. ఐరోపా సమాఖ్య 2017 జనవరి 18 నుంచి ఖాతాలను సరిహద్దులు దాటి ఆపే ఉత్తర్వును అమల్లోకి తెచ్చింది. అమెరికా సుప్రీంకోర్టు మాత్రం 1999లో గ్రూపో మెక్సికానో కేసులో అయిదుగురు ఒకవైపు, నలుగురు మరోవైపుగా చీలి, సాధారణ డబ్బు బాకీ కోసం తీర్పుకు ముందు ఆస్తులు ఆపే అధికారం ఫెడరల్ కోర్టులకు లేదని తేల్చింది.

మన రాష్ట్రంలోనే ఇంకో దారి తెరుచుకుంది, విశాఖ రేవులో. 1984 ఫిబ్రవరిలో ఎం.వి. ఎలిజబెత్ అనే విదేశీ ఓడ గోవాలోని మార్మగోవా నుంచి సరుకుతో రస్ అల్ ఖైమాకు బయల్దేరింది. కొనుగోలుదారు ధర కట్టలేదు కనుక సరుకు ఇవ్వొద్దని గోవా సంస్థ హర్వాన్ ఇన్వెస్ట్‌మెంట్ చెప్పినా, ఓడవాళ్లు ఇచ్చేశారు. ఏప్రిల్ 13న ఆ ఓడ విశాఖపట్నం రేవులోకి రాగానే ఆంధ్రప్రదేశ్ హైకోర్టు ఉత్తర్వుతో దాన్ని ఆపేశారు. 14.25 లక్షల బ్యాంకు గ్యారంటీ ఇచ్చాకే వదిలారు. ఆంధ్రప్రదేశ్ హైకోర్టుకు అసలు నౌకా వివాదాల అధికారం లేదని ఓడ యజమానులు వాదించారు. 1992 ఫిబ్రవరి 26న సుప్రీంకోర్టు ఆ వాదన కొట్టేసింది. ఇప్పుడు 2017 నాటి అడ్మిరాల్టీ చట్టం దీన్ని క్రమబద్ధం చేస్తోంది. ఓడను ఆపడానికి ఎగవేత ఉద్దేశం రుజువు చేయక్కర్లేదు. చట్టంలో రాసిన రకం బాకీ ఉంటే చాలు. ఎందుకంటే ఓడ రేపు వెళ్లిపోతుందని అందరికీ తెలుసు. సీజను అవగానే తిరుగు రైలెక్కే కొనుగోలుదారు విషయంలో ఆ తర్కం ఎందుకు పనికిరాదో నాకు అర్థం కాదు. సరుకు తీసుకుని ధర ఇవ్వకుండా రాష్ట్రం దాటే బయటి వ్యాపారి విషయంలో కనీసం రుజువు భారాన్ని కొంత తగ్గించవచ్చు.

పెద్ద కంపెనీల తగాదాలు చాలావరకు ఆర్బిట్రేషన్ చట్టం 9వ సెక్షన్ దారిలో సాగుతాయి. అక్కడ 38వ ఆర్డరు అక్షరాలా వర్తిస్తుందా అన్నది ఏళ్లుగా నలుగుతోంది. 2022 సెప్టెంబరు 14న ఎస్సార్ హౌస్ కేసులో సుప్రీంకోర్టు, సుమారు 35.5 కోట్లు కట్టమన్న ఉత్తర్వును నిలబెడుతూ, 9వ సెక్షన్ కింద కోర్టు ఆ రూలులోని ప్రతి మెలికకూ కట్టుబడాల్సిన పని లేదంది. పదహారు రోజుల తర్వాత, సెప్టెంబరు 30న, మరో ధర్మాసనం సంఘీ ఇండస్ట్రీస్ వర్సెస్ రవిన్ కేబుల్స్ కేసులో వేరే స్వరంలో మాట్లాడింది. హైదరాబాద్ పక్కన సంఘీనగర్ కేంద్రంగా పెరిగిన సంఘీ ఇండస్ట్రీస్, కేబుళ్ల కాంట్రాక్టు తగాదాలో అవతలివాళ్ల బ్యాంకు గ్యారంటీలు సొమ్ము చేసుకుంది. ఆ మొత్తం డిపాజిట్ చేయమని కింది కోర్టు సంఘీని ఆదేశించింది, గుజరాత్ హైకోర్టు సమర్థించింది. సుప్రీంకోర్టు దాన్ని రద్దు చేసింది. 38వ ఆర్డరులోని షరతులు తేలకుండా, సంఘీ ఆస్తులు దాటిస్తోందన్న ఆధారం లేకుండా డబ్బు కట్టమనలేరని చెప్పింది. ఈ రెండింటినీ ఒకే నూలులో అల్లే పని హైకోర్టుల మీద పడింది. 2023లో ఢిల్లీ హైకోర్టు స్కైపవర్ కేసులో, ఎస్సార్ తీర్పు కూడా మూల సూత్రాలను సడలించలేదని చదివింది. నాకు ఆ పఠనమే సరైనదనిపిస్తుంది. మామిడి రైతుకు ఈ చర్చ దూరమే. తెల్లకాగితం మీద ఆర్బిట్రేషన్ క్లాజు ఎవరూ రాసుకోరు.

గుజ్జు ఫ్యాక్టరీ బాకీ అయితే కథ వేరు. 2025లో తోతాపురి ధర కుప్పకూలినప్పుడు రాష్ట్ర ప్రభుత్వం చిత్తూరు వైపు కిలోకు 12 రూపాయలు రావాలని, అందులో 8 ఫ్యాక్టరీలు, 4 ప్రభుత్వం ఇవ్వాలని నిర్ణయించింది. ఆ 8 రాని రైతుకు ఫ్యాక్టరీ భూమి, యంత్రాలు, డబ్బాల్లో గుజ్జు కళ్లముందు ఉంటాయి. కానీ అవన్నీ బ్యాంకు తాకట్టులోనే ఉంటాయి. నడుస్తున్న ఫ్యాక్టరీ పారిపోతోందని చూపడం కష్టం. అది దివాలా చట్టం కిందికి వెళితే 14వ సెక్షన్ మారటోరియం పడి జప్తులన్నీ ఆగిపోతాయి.

చిన్న వ్యాపారి చేసేది మన జిల్లాల్లో అందరికీ తెలిసిందే, ఐపీ, అంటే దివాలా పిటిషన్ పెట్టడం. 1920 నాటి ప్రావిన్షియల్ ఇన్‌సాల్వెన్సీ చట్టం ఇంకా అమల్లోనే ఉంది. ఐపీ పిటిషన్ తీసుకునేలోపు జప్తు సొమ్ము వసూలై చేతికి రాకపోతే, జప్తు చేయించిన రైతుకు ఆ డబ్బు మీద ప్రత్యేక హక్కు ఉండదు. అది అప్పిచ్చినవాళ్లందరి కుప్పలో కలుస్తుంది. తీర్పుకు ముందు జప్తు ముందువరసలో చోటు ఇవ్వదని పిటిషన్ వేసేముందే రైతుకు చెప్పే వకీలు దొరకడం అదృష్టమే.

మరో రెండు సంగతులను ఈ జప్తుతో కలిపేయకూడదు. విజయవాడ కేంద్రంగా నడిచిన అగ్రిగోల్డ్ ఆస్తుల జప్తు, 1999 నాటి డిపాజిటర్ల రక్షణ చట్టం కింద, డిపాజిటర్లందరి తరఫున జరిగింది. ఒక్క వాది కోసం కాదు. సైబర్ మోసాల కేసుల్లో పోలీసులు ఖాతా ఆపడం కూడా వేరే. అది పాత క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ 102, 2024 జులై 1 నుంచి నాగరిక్ సురక్షా సంహిత 106 కింద నేర దర్యాప్తు. కాయ అమ్మిన యూపీఐ సొమ్ములో ఎవరో మోసగాడి డబ్బు కలిసిందని ఖాతా ఆగినప్పుడు సివిల్ కోర్టుకు పరుగెత్తి లాభం లేదు. బాకీ తగాదాను మోసం కేసుగా మార్చి పోలీసులతో ఖాతా ఆపించడానికి తిరిగేవాళ్లూ ఉన్నారు. అది అడ్డదారి. ఆ దారిలో 38వ ఆర్డరు అడిగే ఒక్క ప్రశ్నా ఎవరూ అడగరు.

రైతుకు ఒక రక్షణ మాత్రం గట్టిగా ఉంది. అడ్వాన్సు తీసుకున్న రైతు వేరేవాడికి కాయ అమ్మేశాడని వ్యాపారే దావా వేస్తే, రైతు చేతిలోని పంటను తీర్పుకు ముందు జప్తు చేయించలేడు. 38వ ఆర్డరు 12వ రూలు దాన్ని పూర్తిగా నిషేధిస్తుంది. కాపు మీద ఉన్న తోట ఆగిపోతే కాయ కుళ్లిపోతుందన్న తెలివి ఆ రూలులో ఉంది. ఆ వెసులుబాటు గుత్తకు తీసుకున్న వ్యాపారికి వర్తిస్తుందా అంటే, అతను వ్యవసాయదారుడా, కాయ కొన్నవాడా అన్న వాదన మీద ఆధారపడుతుంది.

3 లక్షలు, అంతకు మించిన వాణిజ్య వివాదమైతే ముందు మధ్యవర్తిత్వానికి వెళ్లాలి, అత్యవసర ఉత్తర్వు అడిగితే తప్ప. 2022 నాటి పాటిల్ ఆటోమేషన్ తీర్పు దీన్ని కచ్చితం చేసింది. అత్యవసర ఉత్తర్వు అడగడం ఆ మధ్యవర్తిత్వాన్ని తప్పించుకునే సాకు కాకూడదని మరుసటి ఏడాది యామిని మనోహర్ కేసులో హెచ్చరిక వచ్చింది. విజయవాడలో వాణిజ్య వివాదాల ప్రత్యేక కోర్టు ఉంది. మామిడి అమ్మకం అక్కడికి వెళ్తుందా, నూజివీడులోనే ఉంటుందా అన్నదీ తేల్చుకోవాల్సిన సంగతే.

ఈ ఏడు పూత మీద బేరం కుదుర్చుకునే రైతు ఇప్పటికిప్పుడు చేయగలిగినవి కొన్ని ఉన్నాయి. అడ్వాన్సులో కొంతైనా బ్యాంకు ద్వారా తీసుకోవాలి. ఏ ఖాతా నుంచి చెల్లింపులు వస్తాయో, వ్యాపారి సొంతూరు చిరునామా ఏమిటో కాగితంలో రాయించాలి. వాయిదా తేదీలు పెట్టించుకోవాలి. చెక్కు తిరిగొచ్చిన రోజునే వకీలు దగ్గరికి వెళ్లాలి. వ్యాపారి వైపు కూడా దారి ఉంది. తగాదా ముదురుతోందనిపిస్తే సీపీసీ 148ఏ సెక్షన్ కింద కేవియట్ వేసుకుంటే, 90 రోజుల పాటు తనను వినకుండా ఉత్తర్వు రాకుండా ఉంటుంది.

పెద్ద మార్పు మాత్రం రూలులోనే జరగాలి. దానికి పార్లమెంటు దాకా వెళ్లక్కర్లేదు. సీపీసీ 122వ సెక్షన్ ప్రకారం మొదటి షెడ్యూల్‌లోని రూళ్లను తన పరిధిలో మార్చుకునే అధికారం హైకోర్టుకే ఉంది. 38వ ఆర్డరులో మూడు మాటలు చేరితే చాలు. ఖాతా ఆపమని అడిగేవాడు నష్టం భరిస్తానని హామీ ఇవ్వాలి, ఆ హామీ బరువు అతని స్తోమతను బట్టి న్యాయమూర్తి నిర్ణయించాలి. ప్రతివాది తన ఖాతాల వివరాలు నిర్ణీత గడువులో ప్రమాణంతో చెప్పాలి. ఉత్తర్వు బ్యాంకు ప్రధాన కార్యాలయానికి అదే రోజు ఎలక్ట్రానిక్ పద్ధతిలో చేరాలి, అందులో రాసిన మొత్తానికి మించి ఆపకూడదు. వేసవి సెలవుల్లో వ్యవసాయ ఉత్పత్తుల ధర బాకీ పిటిషన్లు వినడానికి వెకేషన్ కోర్టుకు ఒక రోజు కేటాయించడానికి రూలు మార్పు కూడా అక్కర్లేదు. ఏప్రిల్ మొదటి కోత కంటే ముందే ఒక సర్క్యులర్ వస్తే సరిపోతుంది.